బరువైన పెద్దవారికి చక్రాల లిఫ్టా, సీలింగ్ లిఫ్టా?

తిరుపతిలో మామూలు ఇంటినే వృద్ధాశ్రమంగా మార్చిన చోట, 130 కిలోల మనిషిని నలుగురు పట్టి ఎత్తే పద్ధతి మానుకోవాలి. ఆయాల నడుములు పోతాయి, పెద్దాయన చర్మం పక్కబట్టకి రాసుకుని గీరుకుపోతుంది.

దానికి బదులు మనిషిని గుడ్డ ఊయలలో ఉంచి ఎత్తే యంత్రం, అంటే లిఫ్టు, వాడాలి. నేల మీద తోసుకెళ్లే చక్రాల లిఫ్టుకు గోడ తవ్వే పని లేదు. చిక్కంతా కిందే. దాని కాళ్లు మంచం కిందికి దూరాలంటే సుమారు 12 సెంటీమీటర్ల ఖాళీ కావాలి. దివాన్ మంచమైతే అసలు దూరవు. ఎత్తేముందు లిఫ్టు కాళ్లు వెడల్పుగా తెరవకపోతే అది పక్కకి ఒరగొచ్చు. చాలా మోడళ్లలో ఎత్తేటప్పుడు బ్రేకు వేయాల్సింది వీల్‌చైర్‌కి, లిఫ్టుకి కాదు. బాత్‌రూమ్ గడప దగ్గర చక్రం ఆగిందా, మనిషి ఊయలలా ఊగుతాడు. ఇద్దరు ఉండాల్సిందే.

పైకప్పు నుంచి వేలాడే సీలింగ్ లిఫ్టుకు తోసే శ్రమ పెద్దగా లేదు. అది జరిగే ఇనుప పట్టాలాంటి దారిని మాత్రం స్లాబుకి యాంకర్లతో (లోపలికి దిగే గట్టి బోల్టులతో) బిగించాలి. పాత మిద్దె అయితే ఇంజనీరు చూడందే ముట్టుకోవద్దు. బ్యాటరీది కాబట్టి కరెంటు పోయినా పనిచేస్తుంది, చార్జింగు మరవకపోతే! అద్దె ఇల్లయితే దీని ఊసే వద్దు.

రెండింటికీ స్లింగే, అంటే మనిషిని మోసే ఆ గుడ్డ ఊయలే, ప్రాణం. లిఫ్టు 200 కిలోలు మోసినా స్లింగు 150దైతే లెక్క 150కే. చిన్నది తొడల్లో కోసుకుంటుంది, పెద్దదైతే మనిషి జారతాడు. కుట్లు ఊడినదాన్ని అతికించి వాడొద్దు, పారేయండి.