ఘాట్‌లో వానకి ఏ టైర్లు మేలు: ఆల్ సీజనా, టూరింగా, స్పోర్ట్సా?

జూన్ దగ్గర పడితే చాలు, ఒడిశాలోని జయపురం, కొరాపుట్, రాయగడ మనోళ్ళ దగ్గర్నుంచి ఇదే ప్రశ్న. వర్టసో, స్లావియానో, టర్బో వెర్నానో కొన్నారు, కంపెనీ టైర్లు అరిగాయి, సైజు 205/55 ఆర్16, ఇప్పుడేం వేయించాలి అని. ఈమధ్య దానికి ఇంకోటి తోడయ్యింది, అమెరికా వీడియోలు చూసి "ఆల్ సీజన్ వేయిస్తే ఎండకీ వానకీ చలికీ అన్నిటికీ సరిపోద్ది కదా అన్నా" అంటున్నారు. పేరు అలా ఉంది మరి, ఎవరికైనా అలాగే అనిపిస్తది. నేనూ మొన్ననే నాలుగూ మార్పించా కాబట్టి ఒకేసారి రాసేస్తున్నా.

ముందు ఆల్ సీజన్ సంగతి తేల్చేద్దాం. ఆ సీజన్లు మన సీజన్లు కావు, అక్కడ గొడవంతా మంచుతో. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల కిందకి పోతే బిగుసుకుపోవడం మొదలవుద్ది, అందుకని చలికి కూడా మెత్తగా ఉండే రబ్బరు వాడి, మంచుని పట్టుకోడానికి సన్నటి కోతలు ఎక్కువ పెడతారు. మా మేనల్లుడు మిషిగన్‌లో ఉంటాడు, వాడిదీ స్పోర్టీ సెడానే, వాడికైతే ఇది అసలైన ప్రశ్న. రోడ్డు మీద మంచు ఎప్పటికప్పుడు తీసేసే ఊరైతే మిషెలిన్ పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4 గానీ కాంటినెంటల్ డీడబ్ల్యూఎస్06 ప్లస్ గానీ చాలు. ఆ రెండోదాంట్లో నాకు నచ్చిన ముచ్చట ఒకటుంది, డి, డబ్ల్యూ, ఎస్ అని అక్షరాలు నేల తగిలే రబ్బరు మీదే ఉంటాయి, ఎస్ అరిగిపోయిందంటే ఇక మంచులో దాన్ని నమ్ముకోవద్దని అర్థం. మంచు రోజుల తరబడి రోడ్డు మీదే పడుంటే మాత్రం మిషెలిన్ వాళ్ళదే క్రాస్‌క్లైమేట్ 2, దాని మీద కొండ బొమ్మలో మంచుపువ్వు గుర్తు ఉంటది, అది మంచులో టెస్ట్ పాసైతేనే వేస్తారు. ఉత్త ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు అని) అక్షరాలకి అలాంటి టెస్ట్ ఏమీ లేదు, 2024 అక్టోబర్ నుంచి జర్మనీలో దాన్నొక్కదాన్నే వింటర్ టైరుగా ఒప్పుకోవట్లేదు కూడా. గడ్డకట్టిన ఐస్ మీద రోజూ తిరగాలంటే ఇవేవీ కాదు, వింటర్ టైర్లే.

మరి మనకి? సిమిలిగుడ, పొట్టంగి వైపు డిసెంబర్ తెల్లారగట్ల చలి ఆ 7 డిగ్రీల దగ్గరికి పోయే రోజులున్నాయి, కాదనను. కానీ ఎండెక్కితే సర్దుకుంటది, మనకి మంచంటే పొగమంచే, దానికి కావాల్సింది ఫాగ్ లైట్లు. అదే కారు మే నెలలో రాయగడ, పార్వతీపురం వైపు దిగితే 40 దాటిన ఎండలో తారు కాలిపోతుంటది, చలి కోసం చేసిన రబ్బరు అక్కడ గబగబా అరుగుద్ది, వంపుల్లో ఆ కోతల మధ్య బ్లాకులు కదిలి స్టీరింగ్ మందంగా తయారవుద్ది. ఏడాదిలో కొన్ని తెల్లవారుజాముల కోసం ఎనిమిది నెలలు ఇబ్బంది పడడం ఎందుకు. వద్దు.

ఇక నా లెక్కలో తేల్చేది ఒక్కటే, తడి రోడ్డు మీద దిగువకి బ్రేకు. అది కూడా కొత్త టైరుతో కాదు, సగం అరిగాక. మిగతావి, అంటే సౌండు, మైలేజీ, ధర, అన్నీ తర్వాతే.

ఎందుకంటే సుంకి దాటి సాలూరు వైపు ఘాట్ దిగేటప్పుడు జరిగేది చూడండి. బండి బరువంతా ముందుకి వాలిపోద్ది, ఈ కార్లన్నిటికీ ఇంజిన్ తిప్పేది ముందు చక్రాలనే కాబట్టి బ్రేకు, స్టీరింగు, సెకండ్ గేర్‌లో ఇంజిన్ ఆపే బలం, మూడూ ఆ ముందు రెండు టైర్ల మీదే పడతాయి, వెనకవి తేలికైపోతాయి. ఎండాకాలమంతా లారీలు కార్చిన డీజిలు, రబ్బరు పొడి, ఫస్ట్ వానకి కొండ మీంచి దిగిన ఎర్రమట్టి, అన్నీ కలిసి వంపుల్లో పల్చగా పేరుకుంటాయి, గట్టి వాన కంటే ఆ మొదటి అరగంట తుంపరే డేంజర్. అక్కడ మన స్పీడు నలభై, యాభై, ఆ స్పీడుకి టైరు నీళ్ళ మీద తేలడం అంత ఉండదు, కాపాడేది రబ్బరు మెత్తదనమే. అదే ఘాట్ దిగి రామభద్రపురం, గజపతినగరం వైపు తొంభైలో పోతుంటే రోడ్డు మీద నిలిచిన నీళ్ళు వస్తాయి, అక్కడ కాపాడేది టైరు మీది గాడి లోతు. కొత్త టైరుకి దాదాపు 8 మిల్లీమీటర్లు ఉంటది, చట్టం 1.6 దాకా ఒప్పుకుంటది, కానీ 3 దగ్గరకొచ్చాక ఆ నీళ్ళని పక్కకి తోసే చోటే మిగలదు. గాడిలో అడ్డంగా చిన్న గట్టు కనిపిస్తది చూశారా, అదే ఆ 1.6 గుర్తు, రబ్బరు దాని లెవెల్‌కి వచ్చేదాకా తిప్పేవాళ్ళు ఎక్కువ, వానాకాలం ఘాట్‌లో నేనైతే తిప్పను.

అందుకే నా ఓటు టూరింగ్ టైర్లకి, అంటే రోజువారీ, దూర ప్రయాణాలకి హాయిగా ఉండేలా చేసినవి. అందులో నేను వేయించింది మిషెలిన్ ప్రైమసీ 4 ఎస్‌టీ, అరిగాక కూడా తడిలో బ్రేకు పట్టేలా చేశామని వాళ్ళు చెప్పుకునే టైరు, గాడి కింది దాకా వెడల్పు తగ్గకుండా ఉంచామంటారు. మైనస్ లేదా అంటే ఉంది, ధర ఎక్కువ, పక్క గోడ మెత్తన, గోతిలో గట్టిగా దించితే బుడగ వచ్చే భయం ఉంటది. యోకొహామా బ్లూఎర్త్ జీటీ, బ్రిడ్జ్‌స్టోన్ టురాన్జా 6ఐ, కాంటినెంటల్ యూసీ6 కూడా ఇదే జాతి, ఏది మంచి రేటుకి తాజాగా దొరికితే అది తీసుకోండి, గొడవ పడేంత తేడా లేదు.

పైలట్ స్పోర్ట్ 4 లాంటి స్పోర్ట్స్ టైర్లు? తడిలోనూ పొడిలోనూ ఇంకా గట్టిగా పట్టుకుంటాయి, నడిపితే మజా వేరు, కానీ త్వరగా అరుగుతాయి, మళ్ళీ అదే పాయింటుకి వస్తాం, మూడో వానాకాలానికి గాడి ఉండదు. డబ్బుకి వెనకాడని వాళ్ళు వేసుకోండి.

మన అపోలో, ఎమ్మారెఫ్, సియట్‌ని తీసిపారేయడానికి లేదు. మల్కన్‌గిరి లోపలికి, పని జరిగే రోడ్ల మీద కంకర డైవర్షన్లలో రోజూ తిరిగే వాళ్ళకి నేనే అవి చెప్తా, పక్క గోడ గట్టిది, ఏ ఊళ్ళో అయినా దొరుకుద్ది. కాకపోతే "ఇది అరవై వేలు తిరుగుద్దండీ" అని షాపాయన మురిపించే రకం వద్దు, అన్నాళ్ళు అరగని రబ్బరు తడిలో అంత పట్టదు. టైరు పక్కన ట్రెడ్‌వేర్ అని నంబరు ఉంటది, మరీ పెద్ద నంబరైతే అనుమానించండి, అయితే ఆ నంబరు కంపెనీ తనకు తానే ఇచ్చుకునేది కాబట్టి ఒక కంపెనీది ఇంకో కంపెనీతో పోల్చొద్దు. దాని పక్కనే ట్రాక్షన్ ఏఏ, ఏ అని ఉంటది, అది తిన్నగా పోతూ తడిలో వేసే బ్రేకుకే, వంపుల గురించి ఏమీ చెప్పదు. సెకండ్ హ్యాండ్ టైర్లు, రీట్రెడ్డు (అరిగిన టైరుకి మళ్ళీ రబ్బరు అతికించినవి) గురించి అడగొద్దు. గ్రౌండ్ క్లియరెన్స్ కోసం పక్క గోడ ఇంకాస్త ఎత్తుండే 205/60 వేస్తే స్పీడు మీటరు 3 శాతం తక్కువ చూపిస్తది, ఆ ఎత్తు టైరు గోతులకి మేలే గానీ నాకు అవసరం అనిపించలేదు.

కొనేటప్పుడు ఒక్కటి మర్చిపోవద్దు. మా వైపు షాపుల్లో ఈ సైజు అంత తిరగదు, ఏళ్ళ తరబడి రాక్‌లో పడుంటది. టైరు పక్క గోడ మీద డీఓటీ అక్షరాల చివర నాలుగు అంకెలు ఫోన్ లైటు వేసి చూడండి, 2324 అంటే 2024లో 23వ వారం. అది బయటి వైపు ఉండకపోతే లోపలి వైపు ఉంటది, బిగించేశాక వంగి చూడలేరు, కాబట్టి బిగించకముందే చూడాలి. పాతదైతే రేటు తగ్గిస్తానన్నా వద్దనండి, నాలుగు రోజులాగి విజయనగరం నుంచో విశాఖ నుంచో తెప్పించమనండి.

రెండే మార్చే బడ్జెట్ ఉంటే కొత్తవి వెనక్కి వేయించండి, పాతవాటిలో తక్కువ అరిగినవి ముందుకి. షాపులో అందరూ దీన్ని తిరగేసి చెప్తారు, ముందు చక్రాలే లాగుతాయి కదా అని. కానీ ముందు జారితే స్టీరింగుతో తెలుస్తది, కాలు తీస్తే సర్దుకుంటది, ఘాట్‌లో తేలికైన వెనక జారిందంటే బండి తిరిగిపోద్ది.