క్లచ్ ప్లేట్లు మాత్రమేనా, మొత్తం అసెంబ్లీయా: ఏది మేలు?

స్ప్లెండర్, ప్యాషన్ లాంటి వంద సీసీ బండ్లు నడిపేవాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. క్లచ్ పోయిందని మెకానిక్ తేల్చేశాడు. ఒక షాపులో ప్లేట్లు వేస్తే చాలంటారు, పక్క షాపులో మొత్తం అసెంబ్లీ (ప్లేట్లు, అవి కూర్చునే గిన్నె, మధ్యలోని హబ్ అన్నీ కలిసిన సెట్టు) మార్చాల్సిందేనంటారు. ఖర్చులో తేడా కొన్ని రెట్లు. ఇంజిన్ కుడివైపు మూత విప్పకముందే ఈ రెండింటిలో ఏదో ఒకటి ఖాయం చేసే మనిషి మాట నేను పట్టించుకోను. జవాబు మూత లోపల ఉంటుంది. అదీ ఒకే ఒక్క చోట.

అక్కడికి వెళ్లేముందు బండి చెబుతున్న బాధ ఏమిటో విడదీసుకోవాలి. మనం అన్నిటికీ కలిపి 'క్లచ్ పోయింది' అనేస్తాం కానీ అందులో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. మొదటిది జారడం. టాప్ గేరులో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ అరుపు పెరుగుతుంది, బండి వేగం పెరగదు. రెండోది వదలకపోవడం. లివర్ పూర్తిగా నొక్కి పట్టినా బండి ముందుకు పాకుతుంటుంది, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ దొరకదు, మొదటి గేరులో కదిలేటప్పుడు కుదుపు వస్తుంది. జారడానికి కారణం అరిగిన కార్క్ ప్లేట్లు (స్టీల్ ప్లేట్ల మధ్య కూర్చుని పట్టు ఇచ్చే, రాపిడి పూత ఉన్న ప్లేట్లు), నీరసించిన స్ప్రింగులు, తప్పు ఆయిల్, లేదా కేబుల్ మరీ బిగుతుగా ఉండటం. వీటిలో దేనికీ అసెంబ్లీ అక్కర్లేదు. వదలకపోవడమే అసలు చిక్కు. లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఖాళీ కదలిక ఉండాలి. అంతకంటే ఎక్కువ ఉంటే ముందు కేబుల్ సరిచేసి చూడండి. కొందరి పని అక్కడితోనే అయిపోతుంది. కేబుల్ సరిగానే ఉన్నా క్లచ్ వదలడం లేదంటే అప్పుడు హౌసింగును అనుమానించాలి.

ప్లేట్లు కూర్చునే ఆ గిన్నెలాంటి హౌసింగు అల్యూమినియం. దాని చుట్టూ నిలువు గాడులుంటాయి. కార్క్ ప్లేట్ల చెవులు ఆ గాడుల్లో దూరి ఉంటాయి. ఇంజిన్ బలమంతా గాడి గోడల నుంచి ఆ చెవుల మీదుగానే గేర్‌బాక్సుకు చేరుతుంది. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా, వదిలినప్పుడల్లా చెవులు గోడను కొడుతూనే ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ మెత్తని అల్యూమినియం మీద ఒక్కో చెవికి ఒక్కో గాటు పడుతుంది. లివర్ నొక్కినప్పుడు ప్లేట్లు గాడి వెంట జారి ఒకదానికొకటి దూరం కావాలి. గాట్లు పడ్డాక చెవులు అందులో చిక్కుకుంటాయి, ప్లేట్లు విడివడవు. కుదుపు, పాకడం, దొరకని న్యూట్రల్, అన్నీ ఇక్కడే పుడతాయి. పాల క్యాన్లు, కూరగాయల మూటలు మోసే బండ్లలోనూ, నగరంలో హాఫ్ క్లచ్ మీద నడిచే బండ్లలోనూ ఇది త్వరగా కనిపిస్తుంది.

పరీక్షకు పెద్ద సామాను అక్కర్లేదు. ప్లేట్లు తీశాక గాడి గోడ మీద గోరు పైనుంచి కిందికి లాగండి. ఎక్కడా తగలకుండా జారితే హౌసింగు మంచిదే. మెట్లమీద దిగినట్టు టకటక ఆగుతూ దిగితే దాని పని అయిపోయింది. మధ్యలో ఉండే హబ్ పళ్ల మీద కూడా ఇదే పని చేయండి. స్టీల్ ప్లేట్ల లోపలి పళ్లు అక్కడ ఇలాంటి గుర్తులే వేస్తాయి.

ప్లేట్లు మాత్రమే మార్చి సరిపెట్టేవాళ్లు గమనించని విషయం ఒకటుంది. పాత గాట్లు, అరిగి పలచబడిన పాత ప్లేట్ల కొలతకు పడినవి. కొత్త కార్క్ ప్లేట్లు మందంగా ఉంటాయి, అందువల్ల వరుసలో ఒక్కో ప్లేటు కూర్చునే ఎత్తు మారిపోతుంది. కొత్త చెవులు పాత గాట్లలో సరిగా దిగవు, వాటి అంచుల మీద ఎక్కి పట్టుకుంటాయి. 'కొత్త ప్లేట్లు వేయించాక ముందుకంటే ఎక్కువ కుదుపుతోంది' అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. తప్పు ప్లేట్లది కాదు. అసలు అరిగిన భాగం లోపలే ఉండిపోయింది.

గాట్లను ఆకురాయితో రాస్తే సరిపోదా అంటారు. గోరుకు లీలగా తగిలే గాట్లయితే రాయవచ్చు. అయితే హౌసింగును ఇంజిన్ నుంచి బయటికి తీసి రాయాలి, లేకపోతే ఆ పొడి ఆయిల్లో కలుస్తుంది. ప్రతి గాడినీ సమంగా రాయాలి, లేకపోతే బరువంతా రెండు మూడు చెవుల మీదే పడుతుంది. లోతైన గాట్లను పోయేదాకా రాస్తే గాడి వెడల్పవుతుంది, చెవులకు ఊగే చోటు పెరుగుతుంది, దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. కొన్నాళ్లకే మళ్లీ మొదటికొస్తుంది. దాన్ని నేను మరమ్మతు కింద లెక్కవేయను.

ఇక కూలి సంగతి. స్ప్రింగుల బలంతో ప్లేట్లను నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు బయటివైపు ఉండే బండ్లలో స్ప్రింగుల బోల్టులు విప్పగానే ప్లేట్లు చేతికొస్తాయి. స్ప్లెండర్ తరహా ఇంజిన్లలో అలా కుదరదు. కిక్కరు, ఫుట్‌రెస్టు, మూత తీయాలి, స్ప్రింగులు విప్పాలి, ఆపైన మధ్యలో ఉన్న లాకు కూడా విప్పాలి. అది నాలుగు గాట్ల నట్టయితే దానికి తగిన సాకెట్ ఉండాలి, ఉలీ సుత్తీ పెట్టి కొట్టనివ్వకండి. ఇంతదాకా వచ్చాక హౌసింగు బయటికి రావడం ఇంకొక్క అడుగు. అంటే ప్లేట్లకైనా అసెంబ్లీకైనా కూలి దాదాపు ఒకటే, తేడా అంతా సామాను ధరలోనే. 'ఎలాగూ విప్పాం కదా, మొత్తం వేసేద్దాం' అనే మాట ఇక్కడినుంచే వస్తుంది. దానిలో న్యాయం లేకపోలేదు.

అయినా నా మొగ్గు అటువైపు కాదు. పెట్టెలో వచ్చే అసెంబ్లీలో హౌసింగుతోపాటు దానికి రివెట్లతో బిగించిన పెద్ద గేరు కూడా ఉంటుంది. అది క్రాంక్ మీది చిన్న గేరుతో కలిసి ఏళ్ల తరబడి నలిగి సర్దుకుని ఉంటుంది. ఆ జత విడదీసి కొత్త గేరు పెడితే, ముఖ్యంగా అది చవక రకమైతే, అంతకుముందు లేని కూత మొదలవుతుంది. బాగున్న కంపెనీ హబ్‌ను తీసేసి ఊరూపేరూ లేని హబ్ వేయడంలో లాభమేమిటో నాకు అర్థం కాదు. గోరు పరీక్షలో హౌసింగు నెగ్గితే కంపెనీ కార్క్ ప్లేట్లు, కొత్త స్ప్రింగులు వేస్తే చాలు. పాత స్టీల్ ప్లేట్లను అద్దం మీద పరిచి చూడండి. నీలం మచ్చలున్నా, 0.2 మిల్లీమీటర్లకు మించిన మందం ఉన్న ఫీలర్ గేజి (సందు కొలిచే పలచని రేకు) కింద దూరినా వాటినీ పారేయండి. హౌసింగు ఓడితే కంపెనీ హౌసింగు విడిగా కొని, ప్లేట్లతో కలిపి వేయించుకుంటాను. గేరు కూత భయం అప్పుడూ కొంత ఉంటుంది, కానీ అరిగిన గాడులతో నడపడం కంటే అది నయం. హౌసింగు, హబ్ రెండూ అరిగినప్పుడు మాత్రం అసెంబ్లీయే న్యాయమైన బేరం. చేత్తో పట్టి తిప్పితే గేరుకూ గిన్నెకూ మధ్య వదులు తెలిసిపోతున్నా, హబ్ సంగతి కూడా చూసుకుని అటే మొగ్గవచ్చు.

ఏది వేసినా బిగింపులో తేడా వస్తే రెండూ ఒకటే. కొత్త కార్క్ ప్లేట్లను ముందుగా ఇంజిన్ ఆయిల్లో నాననివ్వాలి, పొడిగా ఎక్కించకూడదు. ప్రెషర్ ప్లేటు హబ్‌లో పూర్తిగా కూర్చుందో లేదో మూత పెట్టకముందే చూసుకోవాలి. స్ప్రింగుల బోల్టులు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. అవి ఎక్కేది అల్యూమినియం మరల్లోకి, బలం చూపిస్తే మరలు ఊడి చేతికొస్తాయి. మూత గాస్కెట్ కొత్తది వేయాలి. పాతదాన్ని స్క్రూడ్రైవరుతో గీకితే మూత అంచుకు గీతలు పడి ఆయిల్ కారుతుంది. బాండు (గాస్కెట్‌కు పూసే జిగురు) ఎక్కువ పూస్తే అది లోపలికి ఊడి ఆయిల్ దారులకు అడ్డం పడుతుంది. మూత తీసే ఉంది కాబట్టి అడుగున ఉన్న ఆయిల్ జాలీని, క్రాంక్ చివర గుండ్రంగా ఉండే ఆయిల్ ఫిల్టరును కడిగించుకోండి. మామూలు సర్వీసులో వీటిని తాకేవాళ్లు తక్కువ.

బండిని ఎడమవైపు వాల్చి పెడితే ఆయిల్ తీయకుండానే క్లచ్ విప్పవచ్చు. ఆయిల్ మొన్ననే మార్చి ఉంటే సరే. జారిన క్లచ్ అయితే ఆ ఆయిల్లో కార్క్ పొడి కలిసి ఉంటుంది, తీసేయడమే మంచిది. కొత్తగా పోసేది డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (ఆయిల్లో మునిగి ఉండే క్లచ్‌కు సరిపోతుందని చెప్పే గుర్తు) అని రాసి ఉన్నది కావాలి. కార్లకు, గేర్లు లేని స్కూటర్లకు వాడే ఆయిళ్లు ఇక్కడ పనికిరావు.

మిగిలిన దారుల గురించి పెద్దగా చెప్పేది లేదు. స్ప్రింగుల కింద వాషర్లు పెట్టి బలం పెంచడం ఊరు చేరడానికి పనికొస్తుంది, చెయ్యి నొప్పి మాత్రం ఖాయం. స్ప్రింగులు మాత్రమే మార్చడం ప్లేట్ల మందం కొలిచి, అది బాగుందని తేలాక చేయాల్సిన పని. వాడిన అసెంబ్లీ చవగ్గా దొరికితే కొనొచ్చు, కొనేముందు షాపులోనే గోరు పరీక్ష చేయండి.