శాండెల్ ‘జస్టిస్’ పాఠాలు: పిల్లల చేత ఆలోచింపజేయడానికి ఎంతవరకు పనికొస్తాయి?

అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీలో ఫిలాసఫీ ప్రొఫెసర్ మైకేల్ శాండెల్ న్యాయాన్యాయాల మీద చెప్పిన ‘జస్టిస్’ పాఠాలు 2009 నుంచి యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. మొత్తం 12 ఎపిసోడ్లు. ఒక్కోటి సుమారు 55 నిమిషాలు, అందులో రెండేసి పాఠాలు. డిగ్రీ, ఇంజనీరింగ్ చదివే పిల్లలకు సొంతంగా ఆలోచించడం అలవాటు చేయాలనుకునే లెక్చరర్లకు గానీ ఇంట్లో పెద్దవాళ్లకు గానీ పైసా ఖర్చు లేకుండా ఇంత మంచి సరంజామా దొరకడం అరుదు. అయితే వీడియో పెట్టేసి మీరు పక్కకు తప్పుకుంటే మాత్రం వాళ్లకు దక్కేది కాలక్షేపమే. వెయ్యి మంది కూర్చున్న హాల్లో వేరేవాళ్లు ఆలోచిస్తుంటే చూడటం వేరు, మనం ఆలోచించడం వేరు.

మొదటి ఎపిసోడే తీసుకోండి. బ్రేకులు ఫెయిలైన ట్రామ్, నడుపుతున్నది మీరు, పట్టాల మీద ఐదుగురు కూలీలు, పక్క లైన్లో ఒక్కడు. పక్క లైన్లోకి స్టీరింగ్ తిప్పుతారా అంటే హాల్లో ఎక్కువ మంది తిప్పుతామంటారు. తర్వాత మీరు వంతెన మీద ఉన్నారు, పక్కన ఒక భారీ మనిషి. ఆయన్ని కిందికి తోస్తే బండి ఆగిపోతుంది, ఐదుగురూ బతుకుతారు. ఈసారి చాలా తక్కువ చేతులే లేస్తాయి. సరిగ్గా ఇక్కడ పాజ్ నొక్కాలి. హాల్లో పిల్లలు నోరు విప్పకముందే మీ పిల్లలు ఒక్కొక్కరూ కాగితం మీద రెండు వాక్యాలు రాయాలి: నేనేం చేస్తాను, ఎందుకు చేస్తాను. రాయకుండా ముందుకు పోతే వీడియోలో ముందుగా మాట్లాడినవాడి మాటే అందరి మాటా అయిపోతుంది.

‘చేత్తో తోయడం తప్పు, స్టీరింగ్ తిప్పడం వేరు’ అన్న జవాబు దాదాపు ఖాయంగా వస్తుంది. శాండెల్ దానికి విరుగుడు చూపిస్తారు: ఆ మనిషి నిలబడ్డ చోట ఒక తలుపు ఉంది, స్టీరింగ్ లాంటిది తిప్పితే తెరుచుకుని ఆయన కింద పడిపోతాడు. ఇప్పుడు తిప్పుతావా? తిప్పనంటే అడ్డం వచ్చింది చెయ్యి కాదు, ఇంకేదో ఉంది. అదేమిటో పిల్లవాడే వెతుక్కోవాలి. దగ్గరుండి నడిపించేవాళ్ల పని ఇక్కడే మొదలవుతుంది: ఏమంటున్నావు, ఎందుకంటున్నావు, ఆ కారణాన్ని అన్నిచోట్లా వర్తించే సూత్రంగా చెప్పగలవా, ఆ సూత్రం చెల్లని సందర్భం ఒకటి చెప్పు. అలాంటి సందర్భం దొరికాక సూత్రాన్ని వదులుకుంటావా, మొదటి తీర్పునా అన్నది ఆఖరి ప్రశ్న. ఈ వరస తప్పకూడదు. కారణం తేలకముందే ఎదురు ఉదాహరణ పడేస్తే పిల్లలకు అది తమను ఓడించడానికి వేసిన ఎత్తులా కనిపిస్తుంది.

నలుగురి నుంచి ఆరుగురు చాలు. ఎనిమిది దాటితే ఇద్దరు ముగ్గురు మౌనంగా కూర్చుంటారు. ఒక్కో పాఠం అరగంటలోపే, మాటలతో కలిపి గంటన్నర పెట్టుకోండి. ఒకే రోజు రెండు పాఠాలు వద్దు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఆన్ చేసుకోండి, విద్యార్థుల మాటలు కొన్నిచోట్ల సరిగా అందవు. చర్చ మాత్రం తెలుగులోనే జరగాలి. ఇంగ్లీషులో పెడితే భాష వచ్చినవాడిదే పైచేయి అవుతుంది, వాదన వెనకబడిపోతుంది.

బెడిసికొట్టేది ఎక్కువగా పెద్దవాళ్ల వల్లే. ఆన్సర్ కీ చూసి మార్కులు లెక్కేసుకుంటూ పెరిగిన పిల్లలు, పది నిమిషాలకే ‘ఇంతకీ కరెక్ట్ ఏది సార్?’ అంటారు. మీరు మీ అభిప్రాయం చెప్పారా, చర్చ అక్కడితో సరి. మిగతా గంటంతా మీ మాటకు మద్దతు వెతుకుతారు. రెండో ప్రమాదం ‘ఎవరి అభిప్రాయం వారిది’ అనడం. వినడానికి మర్యాదగా ఉన్నా, అది తప్పించుకునే దారే. అలాగైతే ఎదుటివాడి అభిప్రాయం ఎక్కడా తప్పు కాదా అని నెమ్మదిగా అడగండి. ఇక ఈ పాఠాల్లో వచ్చే తత్వవేత్తలు బెంథామ్, కాంట్ పేర్లు మొదట్లోనే బోర్డు మీద రాయొద్దు. పేరు తెలియగానే విషయం అర్థమైపోయిందనుకుంటారు.

పన్నెండూ చూడక్కర్లేదు. 1 తర్వాత 5, 7, 8, 9 సరిపోతాయి. కాంట్ సిద్ధాంతం చెప్పే 6 బరువైనది, ఓపికున్నవాళ్లకే. అయిదులో అద్దె గర్భం మీద అమెరికా కేసు వస్తుంది. మన దగ్గర 2021 చట్టం డబ్బు తీసుకుని చేసే సరోగసీని నిషేధించింది, ఆ నిషేధం సబబేనా అని అడగొచ్చు. ఏడులో అబద్ధానికీ, తప్పుదారి పట్టించే నిజానికీ తేడా ఉందా అన్న చర్చ ఉంది. ధర్మరాజు ‘అశ్వత్థామ హతః’ అని గట్టిగా, ‘కుంజరః’ అని మెల్లగా అన్న ఘట్టం దీనికి అతికినట్టు సరిపోతుంది. అన్నిటికన్నా విలువైనది 8. కష్టపడ్డాను కాబట్టి నాకు దక్కాలి అనేవాళ్ల ముందు శాండెల్ ఒకే ప్రశ్న వేస్తారు: మీలో ఇంట్లో మొదటి సంతానం ఎంతమంది? హాల్లో లేచే చేతులు చూడండి. కష్టపడే తత్వం మీద కూడా పుట్టిన వరస ప్రభావం ఉంటే, అది మన ఘనత ఎలా అవుతుందన్నది ఆయన వాదన. ర్యాంకుల మధ్య పెరిగిన మన పిల్లలకు ఈ ఎపిసోడ్ తప్పకుండా చూపించాలి.

తొమ్మిదో దాంట్లో కాలం చెల్లిన భాగం ఉంది. అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడం మీద వాదన అది. 2023లో అమెరికా సుప్రీంకోర్టు హార్వర్డ్‌కే వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఆ సంగతి ముందే చెప్పి, మన చంపకం దొరైరాజన్ కేసు పక్కన పెట్టండి. ఆంధ్ర జిల్లాలు కలిసి ఉన్న నాటి మద్రాసు రాష్ట్రంలో, కాలేజీ సీట్లను కులాల, మతాల వారీగా పంచడం మీద నడిచిన కేసు. 1951లో ఆ పంపకం చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు రావడం, ఆ ఏడే రాజ్యాంగ మొదటి సవరణతో, వెనకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లకు వీలిచ్చే 15(4) అధికరణ చేరడం జరిగాయి. ఈ ఎపిసోడ్ చర్చించే రోజు మాత్రం ఒక నియమం కచ్చితంగా పెట్టండి: ఎవరినీ వాళ్ల కులం తరఫున మాట్లాడమనకూడదు. తన వాదన చెప్పే ముందు ఎదుటివాడి వాదనను, అతను ‘అవును, ఇదే నేనన్నది’ అనేంత సరిగ్గా చెప్పి తీరాలి.

2013లో శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ ఫిలాసఫీ అధ్యాపకులు ఈ కోర్సు ఆన్‌లైన్ రూపాన్ని తమ క్లాసుల్లో వాడబోమని శాండెల్‌కే బహిరంగ లేఖ రాశారు. టీచర్ స్థానంలో వీడియోను కూర్చోబెట్టడమే వాళ్ల అభ్యంతరం. ఆ అభ్యంతరం న్యాయమైనదే. తోడు ఎవరూ దొరక్క ఒంటరిగా చూసేవాళ్లు కనీసం ప్రతి పాజ్ దగ్గరా జవాబు రాసి తేదీ వేసుకోవాలి. వారం తర్వాత ఆ కాగితం తీసి, అందులోని కారణాన్ని కొట్టిపారేసే ఉదాహరణ ఒకటి తామే రాసుకోవాలి.