రింగులు లేని రాడ్‌తో అయిదు చలికాలాలు

మంచు పడే రోజుల్లో వాగు ఒడ్డున నిలబడి ఫ్లై ఫిషింగ్ (ఈకలు, దారాలతో చేసిన ఉత్తుత్తి పురుగుని ఎరగా విసిరి చేపలు పట్టడం) చేసినవాళ్లకి ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. నాలుగుసార్లు లైను విసిరి లాగేసరికి, రాడ్ పొడవునా లైను దూరి వెళ్లే రింగుల్లో మంచు పేరుకుంటుంది. తడి లైను లోపలికి వచ్చిన ప్రతిసారీ రింగు దగ్గర ఓ చుక్క నీళ్లు వదిలేస్తుంది. అది గడ్డకడుతుంది, దాని మీద ఇంకో చుక్క చేరుతుంది. కాసేపటికి కొస రింగు మూసుకుపోయి లైను అటూ కదలదు, ఇటూ కదలదు. సరిగ్గా అప్పుడే చేప పడుతుంది. లిప్ బామ్ రాశాను, వంటనూనె రాశాను, సిలికాన్ పేస్టు రాశాను. అన్నీ అరగంట ముచ్చటే. ఓసారి విసుగొచ్చి గోటితో గీకబోయి కొస రింగే విరగ్గొట్టుకున్నాను.

ఆ కోపంలో కొన్నదే టెంకారా అనే జపాన్ పద్ధతికి వాడే ఈ రాడ్. రీలు లేదు, రింగులు లేవు. లైను నేరుగా రాడ్ కొసకి కట్టుకోవడమే. రింగే లేనప్పుడు ఇక గడ్డకట్టేదేముంది అనుకున్నాను. పొడవు, బరువు, పిడి, వంపు లాంటివి అందరూ రాసేశారు, నేను మళ్లీ రాయను. ఈ ఒక్క విషయం గురించే నా గోల.

మొదటి చలికాలం నిజంగా పండగే. గాలి సున్నాకి నాలుగైదు డిగ్రీలు కిందున్నా పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 3 దాకా ఒక్కసారి కూడా ఆగి మంచు గీకలేదు. చలికాలంలో అసలు పని జరిగేదే ఆ నాలుగు గంటల్లో. నీళ్లు నాలుగు డిగ్రీల దగ్గరికి దిగాయంటే ట్రౌట్ (నేను పట్టే చన్నీటి చేప) ఒంట్లో అన్నీ నెమ్మదిస్తాయి. వడి తక్కువగా, లోతు ఎక్కువగా ఉన్న మడుగు చూసుకుని అడుగుకి ఆనుకుని పడుంటుంది. తిండి మూతి ముందుకొస్తే నోరు తెరుస్తుందేమో గానీ దానికోసం పరిగెత్తదు. అలాంటి చేప ముందు నుంచి ఓ చిన్న నింఫ్‌ని (నీటిపురుగు పిల్లలా కనిపించే ఎర) నింపాదిగా నడిపించాలంటే ఈ రాడ్‌ని మించింది నేను చూడలేదు. లైను చాలావరకు గాల్లోనే ఉంటుంది కాబట్టి ప్రవాహం దాన్ని ఈడ్చుకుపోదు. చేప పట్టుకుందని చెయ్యికి తెలియడం కూడా అరుదే. లైను ఓ క్షణం తటపటాయించినట్టు కనిపిస్తుంది, అంతే.

పట్టిన చేపని మళ్లీ వాగులోకి విడిచిపెట్టే విషయంలోనూ బాగుంది. చిన్న వాగులో, చలికి మందగించిన చేపతో ఎక్కువసేపు లాగులాట ఉండదు, త్వరగా వలలోకి వస్తుంది. కొక్కేనికి ముల్లు ముందే నొక్కేసి ఉంచుతాను, వల రబ్బరుది, విడిపించడం నీళ్లలోనే. గడ్డకట్టే చలిలో చేపని పైకెత్తితే మొప్పల మీది తడి కూడా గడ్డకడుతుంది. అందుకే ఫొటోలు తియ్యను. నా చేపల సైజు గురించి నా మాట నమ్మాల్సిందే.

ఆ ఏడాది కనిపించినవాళ్లందరికీ చెప్పాను, చలికాలానికి ఇదొక్కటే రాడ్ అని. ఇద్దరు నా మాట మీదే కొన్నారు కూడా. వాళ్లు ఇది చదువుతుంటే ముందుగా సారీ.

రెండో చలికాలంలో ఓ రోజు గాలి సున్నాకి తొమ్మిది డిగ్రీలు కింద ఉంది. చేపలు బాగానే పడ్డాయి. సాయంత్రమయ్యేసరికి వేళ్లు మొద్దుబారి, ఇక చాలనుకుని రాడ్ ముడుద్దామని చూశాను. పాత రేడియో ఏరియల్ లాగా ఒకదాంట్లోకి ఒకటి దూరే ముక్కలు కదా. మొదటి రెండూ లోపలికి దూరాయి. మూడోది రాలేదు. మెల్లగా తిప్పాను, కొంచెం గట్టిగా తిప్పాను, చంకలో పెట్టుకున్నాను, నోటితో ఊదాను. ఊపిరి వెచ్చదనం కన్నా అందులోని తడే ఎక్కువైనట్టుంది, ఇంకా బిగుసుకుంది.

అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. ఫ్లాస్కులో టీ ఉంది. ఆ కీలు మీద పోశాను. టక్‌మని వదిలింది! ఆ సంతోషం పావు నిమిషం కూడా నిలవలేదు. కారిన టీ కింద ఉన్న నాలుగో కీల్లోకి, అయిదో కీల్లోకి దిగి అక్కడ గడ్డకట్టింది. రాడ్ ఇంకా రెండు మీటర్ల పైనే ఉంది, టీ అయిపోయింది, చీకటి పడుతోంది.

కారు దగ్గరికి కిలోమీటరున్నర నడక, దారంతా మంచు బరువుకి వంగిపోయిన చెట్లు. కొస ముందుంటే కొమ్మలకి తగిలి విరుగుతుందని పిడి ముందు, కొస వెనక పెట్టుకుని నడిచాను. వెనక కొస ఏ కొమ్మని తాకినా దాని మీది మంచంతా నా మెడలో. కారులో ముందు అద్దం నుంచి వెనక సీటు దాకా ఏటవాలుగా పెట్టి, హీటర్ వేసుకుని కూర్చున్నాను. ఇరవై నిమిషాలకి ఒక్కో కీలూ వదిలింది. పంచదార టీ కాబట్టి ఇంటికెళ్లాక ముక్కలన్నీ విడదీసి కడిగే పని అదనం.

తర్వాత అర్థమైంది ఏమిటంటే, రాడ్ ఎత్తి పట్టుకునే చేపలు పడతాం కాబట్టి లైను మీది నీళ్లు కొస నుంచి కిందికి జారుతూ కీళ్లలోకి ఇంకుతాయి. రింగుల్లో గడ్డకట్టాల్సిన మంచే ఇక్కడ కంటికి కనిపించకుండా కీళ్లలో గడ్డకడుతుంది. రింగు మూసుకుపోతే వెంటనే తెలుస్తుంది. ఇది మాత్రం ఇంటికెళ్లేటప్పుడే తెలుస్తుంది.

తయారీదారులకి ఈ మాత్రం తెలియదా అని మొదట్లో తిట్టుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, ఈ పద్ధతి పుట్టింది జపాన్ కొండవాగుల్లో. అక్కడ చాలాచోట్ల అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆ వాగుల్లో చేపలు పట్టడమే నిషేధం. గుడ్లు పెట్టే చేపల్ని అలా వదిలేస్తారు. పుట్టినచోట చలికాలం సెలవు తీసుకునే పద్ధతి ఇది. సెలవుల్లో పనికి పిలిచింది నేను.

మందు ఏమిటంటే, వాగులో ముంచడమే. వినడానికి పిచ్చిగా ఉంటుంది గానీ గాలి మైనస్ తొమ్మిదిలో ఉన్నప్పుడు రెండు డిగ్రీల నీళ్లే అక్కడ అన్నిటికన్నా వెచ్చనివి. బిగుసుకున్న కీలుని అర నిమిషం ముంచి, నీళ్లలో ఉండగానే మెల్లగా తిప్పి లోపలికి తొయ్యాలి. పైకి తీసి తోద్దామనుకుంటే మళ్లీ మొదటికే వస్తుంది. ముడిచాక లోపలి నీళ్లు గడ్డకట్టి రాడ్ దుడ్డుకర్రలా తయారవుతుంది, ఫర్వాలేదు, కారులో పడుతుంది. ఇంటికెళ్లాక పిడి చివర బిరడా విప్పి ముక్కలన్నీ బయటికి తీసి రాత్రంతా ఆరబెట్టాలి. కీళ్లకి కొవ్వొత్తి మైనం రుద్దడం కూడా ప్రయత్నించాను. విసిరే మధ్యలో ఓ ముక్క సర్రున లోపలికి జారిపోయింది. ఆ ప్రయోగం అక్కడితో సరి.

దీంతో పోయిందేమిటంటే, ఓ మడుగు అయ్యాక రాడ్ ముడుచుకుని చెట్ల మధ్య నుంచి ఇంకో మడుగుకి చకచకా వెళ్లే సుఖం. వేసవిలో నేను ఈ రాడ్‌ని ఇష్టపడేదే అందుకు. చలికాలంలో పొద్దున తెరిచింది సాయంత్రం దాకా తెరిచే ఉండాలి. కాబట్టి ఇప్పుడు ఒకటో రెండో మడుగులు ఎంచుకుని అక్కడే ఉండిపోతున్నాను. నడక తగ్గడం ఒకందుకు మంచిదే. బ్రౌన్ ట్రౌట్ శరదృతువులో పెట్టిన గుడ్లు ఆ సమయానికి ఇంకా గులకరాళ్ల కింద ఉంటాయి. శుభ్రంగా, మిగతా అడుగుకన్నా తెల్లగా కనిపించే గులకరాళ్ల మీద కాలు పెట్టకూడదు.

మొదట్లో అసలేమీ గడ్డకట్టదని చెప్పాను చూశారూ, అది కూడా పూర్తిగా నిజం కాదు. రాడ్ కొసన లైను కట్టే చిన్న అల్లిక దగ్గర మంచుపూస కడుతుంది. లైనుకి అడ్డం కాదు, రాడ్ మాత్రం కొస బరువుగా తోస్తుంది. గంటకోసారి నీళ్లలో ముంచితే పోతుంది. పేనిన లైను అయితే నీళ్లు తాగి తీగలా బిర్రబిగుస్తుంది, ఒంటిపోగు ఫ్లోరోకార్బన్ (నీళ్లు పీల్చని ప్లాస్టిక్ దారం) నయం. ఇంకొకటి, లైను రాడ్ కన్నా పొడుగ్గా కట్టుకుంటే చేపని దగ్గరికి తేవడానికి తడి లైనుని చేత్తో పట్టుకుని లాగాలి. నా కుడిచేతి రెండు వేళ్లు చలికి తెల్లగా పాలిపోయే రకం. నాకు చలికాలంలో అసలు హద్దు రాడ్ కాదు, ఆ రెండు వేళ్లే. అందుకే లైను రాడ్ అంతే పొడవు ఉంచుతున్నాను. అందినంత మేరకే చేపలు.

కొనమంటారా అంటే, నేను వెళ్లేవి పది అడుగులేస్తే దాటగలిగే వాగులు, పడేవి జానెడు నుంచి మూరెడు లోపు చేపలు, ఉండేది నాలుగు గంటలు. ఈ లెక్కలో నాకు సరిపోయింది. మీది వెడల్పాటి నది అయితే, లైను వదులుతూ ఆడించాల్సిన పెద్ద చేపలుంటే, రింగుల్లో మంచు గీక్కుంటూ పాత రాడ్‌తోనే ఉండండి. గాలి మైనస్ ఏడు దాటితే నేను కూడా దీన్ని బయటికి తియ్యడం లేదు. నిన్న మైనస్ ఆరే కదా అని వెళ్లాను. ఎనిమిది ముక్కలూ ఇప్పుడు తువ్వాలు మీద వరసగా ఆరుతున్నాయి. మూడో ముక్కని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ కొంచెం టీ వాసన వస్తుంది.