గ్రూప్ క్యాప్టివ్ సోలార్‌లో వాటా కొనే ముందు ఒప్పందంలో ఈ వాక్యం వెతకండి

బెంగళూరు పీణ్యా చుట్టుపక్కల చిన్న పరిశ్రమలు నడుపుతున్న మన తెలుగువారికి ఈ మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. వాటా కొంటే కరెంటు చవకగా ఇస్తామంటూ సోలార్ డెవలపర్ల మనుషులు మీ దగ్గరకూ వస్తూనే ఉంటారు. మా దగ్గరకూ అలాగే వచ్చారు.

మాది యంత్ర భాగాలు చేసే యూనిట్. గ్రూప్ క్యాప్టివ్ పద్ధతిలో, అంటే కొందరు వాడకందారులు కలిసి తమ సొంత వాడకం కోసం ప్లాంటులో వాటాలు తీసుకునే పద్ధతిలో, ఒక సోలార్ ప్లాంటులో వాటాలు కొన్నాం. ఇందులో అసలు లాభమంతా క్రాస్ సబ్సిడీ సర్‌చార్జి (విద్యుత్ పంపిణీ సంస్థ దగ్గర కాకుండా బయట కరెంటు కొనేవారిపై వేసే అదనపు చార్జీ) మినహాయింపులోనే ఉంది. అది దక్కాలంటే, 2005 విద్యుత్ నిబంధనల ప్రకారం ప్లాంటు యాజమాన్యంలో కనీసం 26 శాతం వాడకందారుల చేతుల్లో ఉండాలి. ఏడాదిలో తయారైన కరెంటులో కనీసం 51 శాతం వాళ్లే వాడుకోవాలి. ఈ లెక్క ఆర్థిక సంవత్సరం ముగిశాకే తేలుతుంది. తప్పిందా, ఆ ఏడాదికి క్యాప్టివ్ హోదా పోయినట్టే.

మా కరెంటు మేం పూర్తిగా వాడుకున్నాం. మాతోపాటు వాటా ఉన్న ఒక పెద్ద బట్టల ఫ్యాక్టరీ మధ్యలో మూతపడింది. డెవలపర్ ఆ సంగతి దాచి, వాళ్ల కరెంటు బయటివారికి అమ్ముకున్నాడు. దాంతో ప్లాంటుకు క్యాప్టివ్ హోదా పోయి, ఏడాది తిరిగాక మాకు సర్‌చార్జి బకాయి నోటీసు వచ్చింది. అప్పటిదాకా ఆదా అయిందనుకున్న డబ్బు కంటే అది ఎక్కువ. ఒప్పందం తీసి చూస్తే 38వ పేజీలో ఒకే ఒక్క వాక్యం: చట్టరీత్యా విధించే చార్జీలన్నీ, కారణం ఏదైనా, వినియోగదారుడే భరించాలి. దాని కింద నా పొట్టి సంతకం. ఒప్పందం రోజు డెవలపర్ మనిషి పేజీలు తిప్పుతూ వేలు పెట్టిన చోటల్లా నేను చేసిన సంతకాల్లో అదొకటి.

డెవలపర్ ప్రత్యేకంగా పెట్టిన కంపెనీలో వాటాలైనా సరే, ఎవరి వాటాకు తగ్గట్టు వారు వాడుకోవాలన్న షరతు వర్తిస్తుందని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే పక్కవాడి ఫ్యాక్టరీ ఎలా నడుస్తోందో మీకు తెలిసి తీరాలి. సభ్యులందరి వాటాలు, వాడకం మూడు నెలలకోసారి రాతపూర్వకంగా ఇమ్మనండి. మీ తప్పు లేకుండా హోదా పోతే సర్‌చార్జి డెవలపరే కట్టాలని ఒప్పందంలో రాయించండి. ఇది అందరికీ ఒకటే నమూనా, మార్చలేం అంటే అక్కడితో ఆపేయండి. మధ్యలో బయటికి వస్తే ఎంత కట్టాలో కూడా అప్పుడే అడగండి. మాకు ఆ దారి కూడా ఖరీదైనదే.

38వ పేజీ నకలు నా దగ్గర ఉంది. మీ కాగితాలతో పోల్చి చూసుకోవాలనుకుంటే తెచ్చుకోండి, కూర్చుని చూద్దాం.