హీటింగ్ ప్యాడ్: ఎనిమిది నెలలు వాడాక రాస్తున్నా

ముందే చెప్తున్నా, ఇది కొన్న మర్నాడు రాసిన రివ్యూ కాదు. డబ్బా విప్పి, ప్లగ్గు పెట్టి, వెచ్చగా తగలగానే "సూపర్ ప్రాడక్ట్, నొప్పి మాయం" అని ఐదు స్టార్లు నొక్కేసినవాళ్ళ మాట నమ్మే నేను మొదటిది కొన్నాను. అది మూడు వారాలకే చచ్చింది. ఇప్పుడు రాసేది రెండోదాని గురించి. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే పైగుడ్డ రంగు తప్ప ఈ ప్యాడ్లన్నీ ఇంచుమించు ఒకటే, చూడాల్సినవి వేరే ఉన్నాయి.

నేనెవరో చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం ఉండదు. రాజమండ్రిలో హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఫైబ్రోమయాల్జియా ఉంది, అంటే ఒళ్ళంతా నొప్పులూ నీరసమూ వదలని జబ్బు, దానికి జతగా తలనొప్పి. నెలలో సగానికి పైగా రోజులు తల పట్టేసే ఉంటుంది. పొద్దున లేస్తే రాత్రంతా ఎవరో రోకలితో దంచినట్టు ఒళ్ళు, ఎనిమిది గంటలు పడుకున్నా అసలు పడుకోనట్టే. బోర్డు మీద పైవరుస రాయడానికి చెయ్యి ఎత్తితే భుజం నుంచి చెవి వెనకదాకా లాగుతుంది, అందుకని నా క్లాసులో బోర్డు పైసగం ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. పిల్లలు అలవాటు పడిపోయారు, హెచ్చెమ్ గారే ఇంకా పడలేదు.

ఇది ఫలానా జబ్బు అని తెలియడానికి నాలుగేళ్లు పట్టింది. ఈఎస్ఆర్, సీఆర్పీ, థైరాయిడ్, ఆర్ఏ ఫ్యాక్టర్ అని రక్తపరీక్షలన్నీ చేయించాను, అన్నీ నార్మల్. ఒక్క విటమిన్ డి తక్కువుంటే అదీ వాడాను. ఒక పెద్ద డాక్టరు రిపోర్టులు మడిచి నా చేతికిచ్చి "ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అన్నాడు. మా అమ్మ "వాతం, చింతపండు మానేయ్" అంది. నయం, ఆవిడ కనీసం నొప్పి ఉందని ఒప్పుకుంది. చివరికి వైజాగ్‌లో ఒక రుమటాలజిస్టు, అంటే కీళ్ళూ కండరాల నొప్పుల డాక్టరు దగ్గర తేలింది. 1990 నాటి లెక్క ప్రకారం ఒంట్లో 18 చోట్ల నొక్కి చూసి 11 చోట్ల నొప్పి ఉంటే ఈ జబ్బు అనేవాళ్ళట. 2010 నుంచి ఆ నొక్కుడు లేకుండానే, ఒంట్లో ఎన్ని చోట్ల నొప్పి ఉంది, నిద్ర లేచాక తేరుకుంటున్నారా, మతిమరుపు ఎంత, నీరసం ఎంత, మూడు నెలలుగా ఇలాగే ఉందా అని అడిగి లెక్కేసే పద్ధతి వచ్చింది. "కండలో దెబ్బ లేదమ్మా, నొప్పిని మెదడుకి చేరవేసే చోట సౌండ్ పెంచేసి ఉంది" అన్నారు ఆ డాక్టరు. ఎక్స్‌రేలో ఎందుకు కనపడదో అప్పుడు అర్థమైంది.

ఇక ప్యాడ్ దగ్గరికి వస్తాను.

దీనికి ముందు ఏం వాడానో కూడా చెప్పాలి, లేకపోతే పోల్చుకోవడం కుదరదు. రాళ్లుప్పు మూట కాపడం మా ఇంట్లో నా చిన్నప్పటి నుంచీ ఉంది, పెనం మీద వేడి చేసి గుడ్డలో కట్టి అద్దడం. హాయిగా ఉంటుంది, కానీ ఎవరైనా పెట్టాలి, మన మెడకి మనం పెట్టుకోలేం. వావిలాకు వేసి మరిగించిన నీళ్ళతో స్నానం కూడా మంచిదే, కాకపోతే స్కూలున్న రోజు పొద్దున్నే ఆకు ఎవరు కోసుకొస్తారు? రబ్బరు హాట్ వాటర్ బ్యాగుతో నా గొడవ వేరు. మణికట్లు నొప్పిగా ఉన్నప్పుడు మరిగే నీళ్ళ గిన్నె ఎత్తి ఆ చిన్న మూతిలో పోయాలంటే ప్రాణసంకటం. నడుముకి పర్వాలేదు గానీ మెడ మీద నిలవదు, జారిపోతుంది, అరగంటకి చల్లారిపోతుంది. మా పీఈటీ సార్ తుపాకీలా ఉండే మసాజ్ మిషను తెచ్చిచ్చారు ప్రేమగా. రెండు నిమిషాలు పెట్టుకున్నాను, మూడు రోజులు మంచం దిగలేదు. మామూలు ఒళ్ళునొప్పికి గట్టిగా నొక్కితే బాగుంటుంది, ఈ జబ్బుతో నాకు గట్టిగా నొక్కడమే శత్రువు. నా ఒంటికైతే నొక్కుడు లేని వేడి ఒక్కటే పడింది.

మొదటి ప్యాడ్ ఆరువందల చిల్లర. వైరు ప్యాడ్‌లోకి వెళ్ళే చోట మడతపడి లోపల తెగింది, అటు వంచితే వెలుగుతుంది, ఇటు వంచితే ఆరిపోతుంది. కస్టమర్ కేర్‌కి పదకొండుసార్లు ఫోన్ చేశాను, పన్నెండోసారి ఓపిక లేక వదిలేశాను. అలా తెగిన వైరుని టేపు చుట్టి వాడొద్దు, మా ఆయన చుట్టబోతే నేనే లాక్కుని పారేశాను. కాబట్టి కొనేటప్పుడు మొదట చూడాల్సింది ఆ అతుకు దగ్గర రబ్బరు గొట్టం తొడిగి ఉందా లేదా అని. రెండోది, ఐఎస్ఐ గుర్తు. మూడోది, దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉందా అని. నాలుగోది ఆడవాళ్ళకే తట్టే విషయం, పైగుడ్డ విడిగా వచ్చి ఉతుక్కోవడానికి వీలుందా అని. వేసవిలో రాజమండ్రి చెమటకి పదిరోజుల్లో ఆ గుడ్డ వాసన ఎలా ఉంటుందో నేను రాయక్కర్లేదు.

ఇప్పుడు వాడుతున్నది 1,150 రూపాయలు. మెడ, భుజాలు రెండూ కప్పే కండువా ఆకారం, ముందు బటన్. మూడు మెట్ల స్విచ్చు. నేను ఎప్పుడూ రెండో మెట్టు దాటను. వెచ్చబడడానికి నాలుగైదు నిమిషాలు, తొంభై నిమిషాలకి అదే ఆగిపోతుంది. డబ్బా మీద 60 వాట్లని ఉంది, అంటే రోజూ గంట పెట్టుకున్నా నెలకి రెండు యూనిట్లు కూడా కాలదు. లెక్కల టీచర్ని కదా, మా అత్తయ్య "కరెంటు బిల్లు" అనగానే కాయితం మీద వేసి చూపించాను.

ఇది ఏం చేస్తుంది? నొప్పి పోదు. ఆ మాట ఎవరు రాసినా నమ్మకండి. మెడ పట్టు కొంచెం సడలుతుంది, ఆ సడలింపు నలభై నిమిషాలు, మహా అయితే గంట ఉంటుంది. మొదట్లో ఆ గంటనీ నేను పడుకునే ఖర్చుపెట్టేదాన్ని, హాయిగా ఉంది కదా అని. లేచేసరికి మళ్ళీ మొదటికే వచ్చేది. మా ఫిజియో అమ్మాయి పట్టుకుంది ఈ తప్పుని. "మేడమ్, వేడి పెట్టుకుని పడుకుంటే ఏం లాభం, వేడి పెట్టుకున్నాక కదలాలి" అంది. ఈ జబ్బు గురించి యూరప్‌లోని రుమటాలజీ డాక్టర్ల సంఘం 2016లో ఇచ్చిన సూచనల్లో కూడా గట్టిగా చెప్పింది వ్యాయామం ఒక్కటేనట, మిగతా మందులూ మాకులూ అన్నీ దాని తర్వాతే. నొప్పితో కదలమంటే ఎవరికైనా కోపం వస్తుంది, నాకూ వచ్చింది. కానీ సాయంత్రం ఐదింటికి ఇరవై నిమిషాలు ప్యాడ్ పెట్టుకుని, తీసేసి వెంటనే చెప్పులు వేసుకుంటే, నడక మొదట్లో ఉండే ఆ బిగుతు సగానికి తగ్గుతోంది. ఏడు నిమిషాలతో మొదలుపెట్టాను, వీధి చివర కిరాణా కొట్టుదాకా. మధ్యలో ఒకరోజు బాగుందని హుషారుగా పుష్కర ఘాట్ దాకా నడిచి వచ్చాను, తర్వాత నాలుగు రోజులు సెలవు పెట్టాల్సి వచ్చింది. బాగున్న రోజున ఎక్కువ చెయ్యకుండా ఉండటమే ఈ జబ్బులో అన్నిటికన్నా కష్టం. ఇప్పుడు ఇరవై రెండు నిమిషాలకి వచ్చాను. ఎనిమిది నెలలకి పదిహేను నిమిషాలు పెరిగింది, నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

తలనొప్పి సంగతి వేరేగా రాయాలి, ఎందుకంటే ఇక్కడ ప్యాడ్ సగమే పనిచేసింది. నాకు రెండు రకాలు వస్తాయి. ఒకటి మెడ వెనక మొదలై నెత్తి మీదకి పట్టీ బిగించినట్టు వచ్చేది, దానికి ప్యాడ్ బాగా పనిచేస్తుంది. రెండోది మైగ్రేన్, ఒకవైపు కణత పొడుస్తుంది, వెలుతురు పడదు, పోపు వాసన వస్తే కడుపులో తిప్పుతుంది. దీనికి వేడి పెడితే నాకు ఇంకా ఎక్కువైంది. ఫ్రిజ్‌లో పెట్టిన తడిగుడ్డ నుదుటి మీద వేసుకుని చీకటి గదిలో పడుకుంటేనే కాస్త ఊరట. కాబట్టి "తలనొప్పికి పనిచేస్తుందా" అని అడిగితే నా జవాబు, ఏ తలనొప్పికి?

కానీ ఈ ప్యాడ్ వల్ల నాకు జరిగిన అసలు మేలు డబ్బా మీద రాసి లేదు. నేను మాత్రలు విపరీతంగా మింగేదాన్ని. పర్సులో, స్టాఫ్‌రూమ్ డ్రాయర్లో, దిండు కింద, అన్నిచోట్లా ఒక స్ట్రిప్పు ఉండేది. న్యూరాలజిస్టు ఒక పని చెప్పారు, మాత్ర వేసుకున్న రోజు క్యాలెండర్లో గుర్తు పెట్టమని. వంటింట్లో వెంకట్రామా క్యాలెండర్ ఉంది కదా, పాలవాడి లెక్క పక్కనే ఎర్రపెన్నుతో చుట్టాను. నెల తిరిగేసరికి పంతొమ్మిది చుట్టలు. చూసి నేనే భయపడ్డాను. మామూలు పారాసిటమాల్ లాంటివి నెలలో పదిహేను రోజులు, రెండుమూడు మందులు కలిపిన మాత్రలూ మైగ్రేన్‌కి వాడే ట్రిప్టాన్లూ అయితే పది రోజులు, అలా మూడు నెలలు దాటి వాడితే ఆ మాత్రలే కొత్త తలనొప్పి పుట్టిస్తాయని చెప్పారు. తలనొప్పికి మాత్ర, మాత్రకి తలనొప్పి, గానుగెద్దులా తిరుగుతున్నానన్నమాట.

ఆయన చెప్పిన పద్ధతిలో తగ్గించడం మొదలుపెట్టాను. మొదటి పది రోజులు నరకం, అబద్ధం చెప్పను. అప్పుడు చెయ్యి దిండు కిందకి వెళ్ళిన ప్రతిసారీ స్ట్రిప్పు బదులు ఈ ప్యాడ్ తీసుకునేదాన్ని. నొప్పి తగ్గించిందా అంటే కొంచెమే, కానీ ఆ ఇరవై నిమిషాలు "నేనేదో చేస్తున్నాను" అన్న నిమ్మళం ఇచ్చింది. పోయిన నెల క్యాలెండర్లో ఆరు చుట్టలు. నొప్పి అదుపులో ఉండటానికి డాక్టరు రాసిన అమిట్రిప్టిలిన్ అనే మాత్ర 10 మిల్లీగ్రాములు రాత్రిపూట వేసుకుంటున్నాను, నాలుక ఎండుతుంది, మొదట్లో ఫస్ట్ పీరియడ్‌లో ఆవలింతలు ఆగేవి కావు. దానివల్ల ఎంతో, ప్యాడ్ వల్ల ఎంతో విడదీసి చెప్పలేను. నన్ను చూసి ఎవరూ ఆ మందు కొనొద్దు, అది డాక్టర్ రాస్తేనే.

జాగ్రత్తల దగ్గర మాత్రం ఈ రివ్యూలన్నిటి మీదా నాకు కోపం, ఎవరూ సరిగ్గా రాయరు. మా అత్తయ్యకి షుగర్, పాదాలు తిమ్మిరి. ఒక మధ్యాహ్నం నేను స్కూల్లో ఉండగా కాళ్ళకి చుట్టుకుని మూడో మెట్టులో పెట్టుకున్నారు. స్పర్శ తెలియక అలాగే కునుకు తీశారు. బొబ్బ లేచింది, షుగరు ఒళ్ళు కదా, మానడానికి నెల పైనే పట్టింది. "వెచ్చగా కూడా అనిపించలేదే అమ్మాయ్" అన్నారు పాపం. స్పర్శ తక్కువ ఉన్నవాళ్ళు దీని జోలికి వెళ్ళకపోవడమే మంచిది. రెండు, అమృతాంజనమో నొప్పి జెల్లో రాసుకుని దానిమీద ప్యాడ్ పెట్టకండి, నేను ఒకసారి పెట్టి మెడ మంటతో గంతులేశాను. మూడు, పెట్టుకుని నిద్రపోకండి, ఆటో ఆఫ్ ఉన్నా సరే. నాలుగోది నాకు రెండు నెలలు వాడాక తెలిసింది. రోజూ ఒకే చోట పెడుతుంటే భుజాల వెనక వల పరిచినట్టు గోధుమరంగు మచ్చలు వచ్చాయి. చర్మం డాక్టరు చూడగానే "హీటింగ్ ప్యాడా?" అని అడిగేశారు. చోటు మారుస్తూ, పల్చటి చీర ముక్క మధ్యలో వేసుకుంటూ వాడుతున్నాను, చాలావరకు తగ్గాయి, ఒకటి రెండు ఇంకా కనపడతాయి.

లోపాలు ఇంకో రెండు. బటన్ గట్టిది, నొప్పి వేళ్ళతో పెట్టుకోవడం కష్టం, ఈ వస్తువు ఎవరి కోసం చేశారో వాళ్ళ వేళ్ళు ఎలా ఉంటాయో తయారుచేసినవాళ్ళు ఆలోచించినట్టు లేదు. వైరు పొట్టి, మంచం నుంచి ప్లగ్గు అందదు, ఎక్స్‌టెన్షన్ బాక్సు కొనాలి. కరెంటు పోతే ఎలాగూ గుడ్డముక్కే, మళ్ళీ ఉప్పు మూటే గతి.

స్టార్లు మూడున్నర ఇద్దామనుకున్నాను, సగం నొక్కనివ్వదు కాబట్టి నాలుగు. హాట్ వాటర్ బ్యాగు ఏమైందంటారా, పక్కింటి అమ్మాయి కడుపునొప్పని సంక్రాంతికి పట్టుకెళ్ళింది, ఇంకా తిరిగి రాలేదు, నేనూ అడగలేదు.