ఓడ ఎక్కిన రోజు ఎక్కడ తినాలి? తొమ్మిది ప్రయాణాల తరువాత నా లెక్క

మేం డాలస్‌కి ఉత్తరాన ఉంటాం. టెక్సాస్ సముద్రతీరంలోని గాల్వెస్టన్ రేవు మా ఇంటికి 300 మైళ్లు పైమాటే. తెల్లవారుజామున ఐదింటికి కారెక్కితే పదింటికి సముద్రం కనిపిస్తుంది. 2014 నుంచి ఇప్పటిదాకా ఆ రేవు నుంచి తొమ్మిది సార్లు విహార ఓడ (క్రూజ్) ఎక్కాం. కార్నివాల్, రాయల్ కరీబియన్, ప్రిన్సెస్, మూడు కంపెనీల ఓడలూ చూశాం. రాత్రి భోజనాల గురించి, ఆటపాటల గురించి, బాల్కనీ గది తీసుకోవాలా వద్దా అన్న దాని గురించి అడిగినవాళ్లకల్లా చెప్పాను. ఎవరూ అడగనిది ఆ మొదటి మధ్యాహ్నం సంగతి. ఓడ మీద మా ఇంటిల్లిపాదీ పడిన గొడవల్లో సగం ఆ పూటవే.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఓడ ఆ రోజు పొద్దున్నే రేవుకు వస్తుంది. పాతవాళ్లు దిగాలి, గదులు కడిగి దుప్పట్లు మార్చాలి. పదకొండు, పదకొండున్నరకు కొత్తవాళ్లను ఎక్కించడం మొదలుపెడతారు. గది చేతికి వచ్చేసరికి ఒంటిగంట, ఒక్కోసారి ఒంటిగంటన్నర. పెద్ద పెట్టెలు రేవు దగ్గరే అప్పగిస్తాం కాబట్టి అవి సాయంత్రానికిగాని గుమ్మం ముందుకు రావు. ఈ మధ్యలో రెండు గంటలు మనిషికో సంచీ భుజాన వేసుకుని, దారి తెలియని పదహారు అంతస్తుల ఊళ్లో ఆకలితో తిరగాలి. అలాంటప్పుడు ఎవరు ఎటు చూపిస్తే అటే పోతాం. లోపలికి అడుగు పెట్టగానే సిబ్బంది నవ్వుతూ బఫే పైన ఉందని చెబుతారు. అందరూ పైకే.

మొదటిసారి మేమూ పైకే వెళ్లాం. ఏ ఓడో చెప్పను, ఏ ఓడలోనైనా ఆ వేళకు అంతే అని తరువాత తెలిసింది. పన్నెండుంబావు. లిఫ్టు మూడుసార్లు నిండుగా వచ్చి నిండుగానే వెళ్లిపోయింది. చివరికి మెట్లెక్కాం, మా అత్తగారి మోకాళ్లతో సహా. పైన ఖాళీ బల్ల లేదు. మా వారు తింటున్న ఒక కుటుంబం పక్కన నిలబడి, వాళ్లు చివరి ముద్ద ఎప్పుడు తింటారా అని చూస్తున్నారు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకున్న మనిషి ఆయన, ఆ విద్య ఇక్కడ పనికొచ్చింది. వాళ్లు లేవగానే నాలుగు సంచులు నాలుగు కుర్చీల్లో పడ్డాయి. ఇక ఒకరు కాపలా కాస్తే ఒకరు వెళ్లి తెచ్చుకోవాలి. నేను అన్నం, పప్పు పట్టుకుని వచ్చేసరికి పిల్లవాడు బాత్‌రూమ్ అన్నాడు. వాణ్ని తీసుకెళ్లి వచ్చేసరికి పప్పు మీద పొర కట్టింది. అత్తగారు ఒక్క మాటే అన్నారు: "ఇంతకంటే పెళ్లి బంతే నయమే అమ్మా, కనీసం కూర్చోబెట్టి వడ్డిస్తారు."

రెండోసారి తెలివి మీరి ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్లాం. సంచులు ఎక్స్‌రే యంత్రంలోంచి వెళ్తాయి. స్టీలు డబ్బా చూసి పక్కకు పిలిచారు. మూత తీయగానే ఇంగువ వాసన ఆ హాలంతా కమ్ముకుంది. ఇంట్లో వండినదేనా అని అడిగితే అత్తగారు గర్వంగా అవునన్నారు. ఇంట్లో వండినది ఓడలోకి తీసుకుపోకూడదట, సీలు తీయని ప్యాకెట్లయితే ఫరవాలేదట. సాధారణంగా అన్ని కంపెనీల నియమమూ ఇదే. తప్పు వాళ్లది కాదు, చదువుకోకపోవడం మాది. నలుగురికి సరిపడా పులిహోర, చల్ల మిరపకాయలతో సహా, చెత్తబుట్టలో పడింది. ఆ రోజు ఓడలో ఏం తిన్నామో నాకు గుర్తు లేదు. అత్తగారికి కూడా లేదు, కానీ ఆ చెత్తబుట్ట రంగు గుర్తుంది.

అప్పటి నుంచి పులిహోర మానలేదు, తినే చోటు మార్చాం. అది చివర్లో చెబుతాను.

ఇక ఓడలో నాకు నచ్చినవి. అన్నిటికంటే ముందు రాయల్ కరీబియన్ వారి పెద్ద ఓడల్లో ఉండే పార్క్ కెఫే. వాటిలో ఒకటైన హార్మొనీ ఆఫ్ ద సీస్‌లో గదికి ఇద్దరు చొప్పున లెక్కేసినా దాదాపు 5,500 మంది పడతారు. అంతమందిలో ఎక్కువమంది పదహారో డెక్కు (అంతస్తు)లోని బఫే వైపు వెళ్తుంటే, ఎనిమిదో డెక్కులో సెంట్రల్ పార్క్ అని ఒక తోట ఉంటుంది. ఓడ నడిమధ్యన, పైకప్పు లేకుండా, నిజమైన మొక్కలతో. ఆ తోట పక్కనే ఈ చిన్న కెఫే. అదనంగా డబ్బు కట్టక్కర్లేదు. సలాడ్‌లో ఏమేం వెయ్యాలో వేలితో చూపిస్తే మన కళ్ల ముందే కలిపి ఇస్తారు. వేడి సూపు ఉంటుంది. రొట్టెముక్కల మధ్య టమాటా, చీజ్ పెట్టి నొక్కి కాల్చినది అడిగితే, అత్తగారు కూడా కాదనకుండా తింటారు. ఒక్క జాగ్రత్త: ఈ కెఫే పేరు మోసింది గొడ్డుమాంసం శాండ్‌విచ్‌తో. అది తిననివాళ్లు చూడటానికి బాగుందని చటుక్కున తీసుకోకుండా ఒకసారి అడిగి తీసుకోవాలి. తినేవాళ్లు మాత్రం దాని కోసమే ఓడ ఎక్కామంటారు.

మేం అక్కడికి వెళ్లేసరికి పన్నెండు. తోటలో ఒక బెంచీ, కింద సంచులు, ఒళ్లో పళ్లేలు. ముందు ఇద్దరే ఉన్నారు. పైన రెండు వైపులా బాల్కనీలు, మధ్యలో నీలంగా ఒక ముక్క ఆకాశం. ఓడ ఎక్కామని నాకు అనిపించింది అప్పుడే, గుమ్మం దాటినప్పుడు కాదు.

అదే ఓడలో ఎల్ లోకో ఫ్రెష్ అని మెక్సికో వంటల కౌంటరు ఉంది. గిన్నెలో అన్నం, దాని మీద నల్ల చిక్కుడు గింజలు, కూరగాయలు, కారంకారంగా పచ్చళ్లు. గింజల్లో మాంసం రసం వేశారా అని శాకాహారులు ముందుగా అడగాలి. "రాజ్మా అన్నానికి చుట్టమే, ఉప్పు మరిచిపోయారు" అని అత్తగారి తీర్పు. ఆవిడ నోట ఇది మెప్పే. సోలారియం బిస్ట్రో అనే తిండిశాలలోకి పదహారేళ్లు నిండనివాళ్లను రానివ్వరు కాబట్టి పిల్లలతో వెళ్లినప్పుడు అది మాకు అందని ద్రాక్షే. పెళ్లిరోజుకని ఇద్దరమే వెళ్లిన ఏడాది అక్కడ తిన్నాం. నిశ్శబ్దంగా ఉంది, అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

కార్నివాల్ ఓడల్లో లెక్క వేరు. అక్కడ ఈత కొలను చుట్టూ చిన్నచిన్న కౌంటర్లుంటాయి. ఒక పక్క గైస్ బర్గర్ జాయింట్, ఇంకో పక్క బ్లూ ఇగ్వానా కాంటీనా అనే మెక్సికో వంటల కౌంటరు. రెండూ టికెట్టు ధరలోనే. బర్గర్ వరస పొడుగ్గా కనిపిస్తుంది గాని చకచకా కదులుతుంది. మా పెద్దవాడు అక్కడి నుంచి కదలడు. బ్లూ ఇగ్వానాలో మాంసం లేకుండా బరీటో చుట్టించుకోవచ్చు, దానికి కావలసిన పచ్చళ్లన్నీ పక్కనే పరిచి ఉంటాయి. ఈ రెండు కౌంటర్లూ రాత్రిదాకా తెరిచి ఉంచరు, కాబట్టి మధ్యాహ్నమే వీటి పని చూసుకోవడం మంచిది. కొత్త ఓడ జూబిలీలో బిగ్ చికెన్ అని కోడి వేపుడు శాండ్‌విచ్‌ల కౌంటరు ఉంది, బాస్కెట్‌బాల్ ఆటగాడు షకీల్ ఓనీల్‌ది. కోడి విషయంలో మా వారికి పట్టింపు ఎక్కువ. గుంటూరు మనిషి. దాన్ని ఆయన రెండోసారి తెచ్చుకున్నారు. ఇబ్బందల్లా శబ్దం. మొదటి రోజు కొలను దగ్గర పాటలు హోరెత్తిస్తారు. పక్క కుర్చీలో ఉన్నవాళ్లతో మాట్లాడాలన్నా సైగలే.

ఇక ప్రిన్సెస్. 2023 మొదట్లో రూబీ ప్రిన్సెస్ ఎక్కినప్పుడు మధ్యాహ్నం పెద్ద భోజనశాల తెరిచి ఉంచారు. తెల్ల గుడ్డ పరిచిన బల్లలు, కూర్చోబెట్టి వడ్డించడం. అన్ని కంపెనీలూ ఆ రోజు మధ్యాహ్నం భోజనశాల తెరవవు. తెరిచేవాళ్లు కూడా దాన్ని పెద్దగా చాటరు. ఫోనులో ఆ రోజు కార్యక్రమం చూస్తే ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది. లోపల సగం బల్లలు ఖాళీ. తినడానికి గంట పైగా పట్టింది, అయినా కాళ్లు చాపుకుని కూర్చున్నాం.

ఆ గంటలో వచ్చిన అసలు లాభం తిండి కాదు. హెడ్ వెయిటర్ బల్ల దగ్గరికి వచ్చి ఏం తింటారు, ఏం తినరు అని అడిగాడు. గోవా మనిషి. మాంసం, గుడ్డు ముట్టరని, అన్నం లేకపోతే పూట గడవదని అత్తగారి గురించి చెప్పాను. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. మర్నాటి రాత్రి నుంచి రోజూ పప్పు, ఒక కూర, రొట్టెలు, అన్నం ఆవిడ ముందుకు విడిగా వచ్చాయి. వంటింట్లో మన దేశపు వంటవాళ్లుంటారు, కానీ ఒకరోజు ముందు చెప్పాలి. కార్నివాల్‌లోనూ రాయల్ కరీబియన్‌లోనూ అడిగితే భారతీయ శాకాహారం పెడతారు. చెప్పేది రెండో రోజు రాత్రి చెబితే మూడో రోజు నుంచి మొదలవుతుంది. ఐదు రోజుల ప్రయాణంలో రెండు రోజులు తక్కువేమీ కాదు. అందుకే నా దృష్టిలో మొదటి మధ్యాహ్నం భోజనశాల తెరిచి ఉంటే, తిన్నా తినకపోయినా అక్కడికి వెళ్లి ఈ మాట చెప్పి రావాలి.

ఆ బల్ల దగ్గరే నీళ్లు పోస్తున్న కుర్రాడు మా మాటలు విని ఆగిపోయాడు.

"అమ్మా, పెరుగు తెమ్మంటారా?"

అత్తగారు గిరుక్కున తిరిగారు. "ఏ ఊరు బాబూ మనది?"

"సామర్లకోట అండీ."

పెరుగు వచ్చింది, గాజు కప్పులో, చప్పగా, తియ్యదనం లేకుండా. పొద్దున్న ఫలహారంలో తప్ప అలాంటి పెరుగు బయట పెట్టరు, అడిగితే మాత్రం ఎప్పుడైనా ఇస్తారు. ఈ సంగతి తెలియక ఎనిమిదేళ్లు మజ్జిగ లేని భోజనాలు చేశాం. ఆ వారమంతా అత్తగారు ఆ కుర్రాడి పెళ్లి సంగతులు కనుక్కోవడంలో మునిగిపోయారు.

ఇన్ని చెప్పి బఫేకి వెళ్లొద్దంటానా? అనను. అన్నం, పప్పు, రెండు కూరలు, అప్పడం ఒక్క చోట దొరికేది అక్కడే. రాయల్ కరీబియన్ వారి విండ్‌జామర్ అనే బఫేలో నేను వెళ్లినప్పుడల్లా ఏదో ఒక భారతీయ కూర ఉంది, చాలాసార్లు బాగుంది. అయితే పన్నెండుకీ ఒంటిగంటన్నరకీ మధ్య వెళ్లొద్దంటాను. గదులు తెరిచారని ప్రకటన వినిపించగానే సగం జనం సంచులు దించడానికి లేస్తారు. మీరు కూడా సంచులు దించి, ముఖం కడుక్కుని, రెండింటికి ఖాళీ చేతులతో వెళ్లండి. మూడు దాటేదాకా వడ్డిస్తూనే ఉంటారు. కిటికీ పక్కన బల్ల కూడా దొరుకుతుంది. గుమ్మం దగ్గర చేతులు కడుక్కునే చోటు ఉంటే సబ్బుతోనే కడగండి, చేతికి పూసే జెల్లు చాలదు. ఓడల్లో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ దానికి సరిగ్గా లొంగదు.

ఇంకొక పని. ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో చెప్పే కవాతు ఒకటి ఉంటుంది. పూర్వం ఓడ కదిలే ముందు అందరినీ ఎండలో వరసగా నిలబెట్టేవారు. ఇప్పుడు వీడియో ఫోనులో చూసేసి, మనకు కేటాయించిన చోటికి వెళ్లి కార్డు చూపిస్తే అయిపోతుంది. తిండికి వెళ్లే దారిలోనే ఇది ముగించండి. మేం ఒకసారి వాయిదా వేశాం. మూడున్నరకు బఫేలో గులాబ్ జామూన్ లాంటిదేదో అప్పుడే దొరికింది, అప్పుడే మైకులో మమ్మల్ని రమ్మన్నారు.

డబ్బు కట్టే రెస్టారెంట్లలో మొదటి మధ్యాహ్నం ఒకే ఒక్కసారి తిన్నాం. గుమ్మంలో బల్ల వేసుకుని తగ్గింపు అంటూ అమ్ముతుంటే ఆకలి మీద కొనేశాం. శాకాహారికి అక్కడ దొరికింది ఉడికించిన తోటకూర కాడల లాంటి ఆస్పరాగస్, ఒక బంగాళాదుంప. మళ్లీ కొనలేదు.

ఇప్పుడు మా పద్ధతి చెబుతాను. పదిన్నరకు గాల్వెస్టన్ సముద్రపు గోడ దగ్గర కారు ఆపుతాం. 1900లో వచ్చిన తుఫాను ఊరిని ఊడ్చేశాక కట్టిన గోడ అది, 17 అడుగుల ఎత్తు. దాని మీద కూర్చుని కాగితం పళ్లేల్లో పులిహోర తింటాం. డబ్బా కడిగి కారులోనే వదిలేస్తాం. పదకొండున్నరకు ఓడ ఎక్కి, సూపో సలాడో తోటలో తాగి తిని, రెండింటికి బఫేలో పప్పన్నం. మూడు పూటల భోజనం ఒకే మధ్యాహ్నంలో తింటారా అని మా అమ్మాయి వెక్కిరిస్తుంది.

గోడ మీద తినేటప్పుడు డబ్బా మూత మాత్రం తీసి పెట్టకండి. అక్కడి పెలికాన్ పక్షులు కాదు గాని, తెల్ల సముద్రపు కాకులు, అదే సీగల్స్, మహా గడుసువి. పోయిన డిసెంబరులో ఒకటి అత్తగారి చేతిలోంచి చల్ల మిరపకాయ లాక్కుపోయింది. రెండు రెక్కలు కొట్టిందో లేదో, దాన్ని నీళ్లలో పడేసింది. "వేయించింది నేనే, కారం సరిగ్గానే ఉంది" అన్నారావిడ.